తలుపు తీసినవాళ్ళ బిళ్ళ

ఆదివారం పొద్దున ఆ మెయిల్ వచ్చినప్పుడు నా నోట్లో బ్రష్ ఉంది.

ఫోన్ ఫ్రిజ్ మీద పెట్టాను. మా ఫ్రిజ్ పాతది. మోటారు తిరిగినప్పుడల్లా దాని నెత్తిమీద ఉన్నవన్నీ వణుకుతాయి. అందుకని మొదటి వణుకుని లెక్కచెయ్యలేదు. రెండోది కొంచెం వేరుగా అనిపించింది. నురగ నోటితోనే వెళ్ళి చూశాను. పంపినది గడపాయన. మూడే వాక్యాలు.

"ప్యాచ్ తీసుకున్నాను. రేపు పదింటికి ఆసుపత్రి యంత్రాల్లోకి వెళుతుంది. ఇకనుంచి ఆ ఫైలు నువ్వు చూసుకో."

నేను అరిచిన అరుపుకి పేస్టు సగం ఫ్రిజ్ తలుపు మీదకీ, సగం గొంతులోకీ పోయింది.

ఈ వారమే కొత్తగా నా కబుర్లు చదవడం మొదలుపెట్టినవారి కోసం నాలుగు ముక్కలు చెబుతాను. పాతవాళ్ళు ఈలోగా టీ పెట్టుకోండి. మా పెళ్ళయి ముప్పై మూడు రోజులు. నేనూ, మా ఆయనా ఒకే ఆఫీసు. ఆసుపత్రి యంత్రాలకి కెర్నెల్ తయారుచేస్తాం. కెర్నెల్ అంటే కంప్యూటర్లో మిగతా ప్రోగ్రాములన్నిటికీ పెద్దదిక్కు. ఎవరు ఎవరితో మాట్లాడవచ్చో, ఎవరు ఏ తలుపు తట్టకూడదో అదే చెబుతుంది. నేను కోడ్ రాస్తాను, మా ఆయన దాన్ని పగలగొట్టి చూస్తాడు. అందుకే ఆఫీసులో అతన్ని గునపం అంటారు. నన్ను చీటీల పిల్ల అంటారు, నా పనంతా లేబుళ్ళతోనే కాబట్టి. ఇక గడపాయన మా పెద్ద ఇంజనీరు. ఆయన ఒప్పుకోకుండా ఒక్క లైను కూడా కెర్నెల్ గడప దాటదు. ఒక ఫైలు చూసుకోమన్నారంటే ఇక దాని బాధ్యతంతా మనదే, ఆ మాట కోసమే నేను రెండేళ్ళుగా చూస్తున్నాను. నేను పంపిన మొదటి ప్యాచ్‌కి, అంటే మొదటి మరమ్మతుకి, ఆయన జవాబు "ఎందుకు?" అని ఒక్క మాట. రెండోదానికి ఆ మాట కూడా రాలేదు. మూడోది పంపి పదకొండు రోజులైంది. పోయిన వారం లిఫ్ట్ దగ్గర కాపు కాసి అడగబోతే, ఆయన నన్ను చూసి మెట్లెక్కి వెళ్ళిపోయారు. ఏడంతస్తులు! అక్కడ ఆగాం.

గునపం ఒక కాలికే సాక్సుతో పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటి? బొద్దింకా?"

ఫోన్ చూపించాను. చదివాడు. మళ్ళీ చదివాడు. ఫోన్ పక్కన పెట్టి నన్ను అమాంతం ఎత్తి గిర్రున తిప్పాడు. మా వంటిల్లు మనుషుల్ని తిప్పడానికి సరిపోదు. నా మడమ తగిలి చెంచాల డబ్బా కిందపడి, ఆ చప్పుడుకి కింది వాటావాళ్ళు కర్రతో పైకప్పు పొడిచారు.

బాల్కనీలోంచి అత్తయ్య గొంతు. "ఎవరు పోయారర్రా?"

"ఎవరూ పోలేదత్తయ్యా! నా ప్యాచ్ తీసుకున్నారు!"

"అతుకేగా? దానికింత అరుపా? రేపు కొత్త గుడ్డే నేశావంటే మేం ఊరొదిలి పోవాలేమో."

అత్తయ్య శుక్రవారం ఓ సంచీతో దిగారు. ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో పనిచేశారు. చెవికి హెడ్‌సెట్ పెట్టుకుని, చేత్తో తీగలు గుచ్చి లైను కలిపే రోజుల నుంచీ. ఆవిడ వేలికి ఎప్పుడూ ఒక తాళాల గుత్తి వేలాడుతుంటుంది. దానికి ఒక ఇత్తడి బిళ్ళ, అరిగి అరిగి నున్నగా. ఆ గలగల వింటే ఆవిడ ఏ గదిలో ఉన్నారో తెలిసిపోతుంది. నాకా చప్పుడంటే భలే ఇష్టం. ఇంట్లో పెద్దవాళ్ళున్నారన్న ధీమా అది.

అత్తయ్య ముందు నేను గునపాన్ని "మీరు" అంటాను. వంటింట్లో "నువ్వు". అతని టెస్టులో నా తప్పు దొరికిన రోజు "ఒరేయ్". మూడూ ఆవిడకి వినిపిస్తాయని నాకు తెలుసు, వినిపిస్తాయని నాకు తెలుసని ఆవిడకీ తెలుసు.

"ఇలా రా. ఏం అతుకు వేశావో నాకు అర్థమయ్యేలా చెప్పు," అన్నారు అత్తయ్య, తడి దుప్పటి తీగ మీద పరుస్తూ. "నాకు అర్థం కాకపోతే తప్పు నాది కాదు, నీ చెప్పడంలో ఉన్నట్టు."

నాకు కావాల్సిందీ అదే. నా ఆనందం ఎవరి నెత్తిన కుమ్మరించాలా అని చూస్తున్నాను. బట్టల క్లిప్పుల బుట్ట లాక్కుని కూర్చున్నాను.

"ప్రోగ్రాములు బయటివాళ్ళతో మాట్లాడటానికి ఒక కిటికీ ఉంటుందత్తయ్యా. దాన్నే సాకెట్ అంటాం. ప్రతి కిటికీకీ కెర్నెల్ ఒక చీటీ తగిలిస్తుంది. ఇదిగో, ఎర్ర క్లిప్పంటే మందు ఎక్కించే పంపులతో మాట్లాడే నర్సుల ప్రోగ్రామ్. నీలం క్లిప్పంటే హాల్లో రోగుల వరస నంబరు చూపించే బోర్డు. ఎరుపు మాటని పంపులు వింటాయి. నీలం మాటని గుమ్మంలోనే ఆపేస్తుంది కెర్నెల్."

"ఆపాలి మరి. వరస నంబరు చూపించేదానికి మందుతో ఏం పని?"

"కదా! ఇప్పుడు, పిలుపుల కోసం చెవి ఒగ్గి కూర్చునే సాకెట్ ఒకటుంటుంది. దాన్ని తల్లి అనుకోండి. బయటినుంచి ఎవరైనా పిలవగానే, ఆ ఒక్క పిలుపు కోసం ఒక పిల్ల సాకెట్ పుడుతుంది. దాని మెడలో ఏ రంగు వెయ్యాలి?"

"తల్లి రంగు."

"మా కెర్నెల్ అలా వెయ్యట్లేదు! పిల్ల పుట్టిన క్షణాన యంత్రంలో ఏ ప్రోగ్రామ్ నడుస్తుంటే దాని రంగు వేసేస్తోంది. పిలుపు ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? మామూలుగా ఆ సమయానికి సొంత ప్రోగ్రామే నడుస్తుంటుంది, సరిపోతుంది. వెయ్యిలో ఒకసారి మాత్రం ఇంకెవరో ఉంటారు."

"అంటే పురిటి గదిలో ఎవరు నిలబడి ఉంటే వాళ్ళ ఇంటిపేరు పెట్టేసినట్టు," అన్నారు అత్తయ్య.

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపేశాను. ఎనిమిది పేజీల్లో గడపాయనకి నేను రాసిన సంగతి ఆవిడ ఒక్క ముక్కలో అనేశారు.

"నేను వేసిన అతుకు అదేనత్తయ్యా. ఎవరు నడుస్తున్నారో చూడకు, తల్లి చీటీ చూసి పిల్లకి వెయ్యి. నాలుగు లైన్లు!"

టీ కప్పులతో వచ్చిన గునపం తలుపుకి ఆనుకుని నవ్వాడు. "అమ్మా, ఆ ప్యాచ్ కింద ఈవిడగారు పుట్టింటి పేరే పెట్టింది, చూశావా? తన సిద్ధాంతానికి తను కట్టుబడి ఉంది."

"నాకా ఇంటిపేరు పలకడం వచ్చేసరికి ఐదేళ్ళు పట్టింది. ఆ పిల్లని తొందరపెట్టకు," అన్నారు అత్తయ్య.

ప్యాచ్ కింద ఇంకో పేరు కూడా ఉంది. మా దగ్గర పద్ధతి అది. రాసినవారు ఫలానా, పరీక్షించినవారు ఫలానా. రాసింది నేను, పరీక్షించింది గునపం. శుభలేఖ తర్వాత మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన వచ్చింది మళ్ళీ ఇందులోనే. దాన్ని ప్రింటు తీసి పడకగదిలో అద్దం మూలకి దోపుకున్నానని ఎవరికీ చెప్పకండి.

అత్తయ్య టీ ఊదుకుని ఒక గుక్క తాగారు. క్లిప్పుల వైపు చూశారు.

"పొద్దున్నే తెరిచేదెవరు?"

"ఏంటత్తయ్యా?"

"ఆ తల్లి కిటికీలు. యంత్రం నిద్రలేవగానే ఎవరి కిటికీ వాళ్ళు వచ్చి తెరుచుకుంటారా, ముందే ఎవరైనా అన్నీ తెరిచిపెడతారా?"

గునపం జవాబిచ్చాడు. "తాళంచెవి అని ఒక ప్రోగ్రామ్ ఉందమ్మా. ఆసుపత్రుల్లో యంత్రం లేవగానే ముందు అదే లేస్తుంది. కిటికీలన్నీ తెరిచి, తర్వాత ఎవరిది వాళ్ళకి అప్పగిస్తుంది. అలా అయితే ఒక్క పిలుపు కూడా జారిపోదు."

"దానిది ఏ రంగు?"

బుట్టలో ఒకే ఒక్క పసుపు క్లిప్పు ఉంది. గునపం దాన్ని తీసి చూపించాడు. "దీనికి ఎక్కడా అడ్డు లేదు. అన్నీ తెరవాలి కదా."

"మరి అప్పగించేటప్పుడు పసుపు తీసి వాళ్ళ రంగు తగిలిస్తారా?"

నేను గునపం వంక చూశాను. అతను క్లిప్పు వంక చూశాడు.

"మా ఎక్స్‌ఛేంజ్‌లో అలా చేసేవాళ్ళం," అన్నారు ఆవిడ మామూలుగా. "ఆరింటికి సూపర్‌వైజర్ తాళాలు తీసేది. పెద్దక్క అనేవాళ్ళం ఆవిడని. బోర్డులన్నీ తనే ఆన్ చేసి, ప్రతిదానికీ తన ఒకటో నంబరు బిళ్ళ తగిలించేది. ఆరున్నరకి మేం వచ్చి కూర్చోగానే మొదటి పని, ఆవిడ బిళ్ళ తీసి ఆవిడకిచ్చేసి మా బిళ్ళ పెట్టుకోవడం. ఆ తర్వాతే హెడ్‌సెట్. బోర్డు మీద ఏ బిళ్ళ ఉంటే ఆ రోజు కాల్స్ అన్నీ ఆ నంబరు మీదే."

వంటింట్లో పాలు పొంగుతున్న వాసన. ఎవరం లేవలేదు.

తాళంచెవి తల్లి సాకెట్‌ని తెరిచింది కాబట్టి తల్లి మెడలో పసుపు చీటీ ఉంటుంది. బోర్డు ప్రోగ్రామ్‌కి అప్పగించాక కూడా ఉంటుంది. ఇన్నాళ్ళూ కెర్నెల్ తల్లిని చూడటమే లేదు కాబట్టి ఆ సంగతి బయటపడలేదు. ఇప్పుడు నేను చూడమన్నాను. తల్లి పసుపైతే పుట్టే పిల్లలన్నీ పసుపే. హాల్లో వరస నంబరు చూపించే బోర్డుకి వచ్చిన పిలుపు కూడా పసుపే. అంటే దాని మాటని పంపుల గుమ్మంలో ఎవరూ ఆపరు.

వెయ్యిలో ఒకసారి జరిగే తప్పుని నేను వెయ్యికి వెయ్యి చేశాను. అది రేపు పదింటికి ఆసుపత్రిలోకి వెళుతోంది.

"ఏమండీ," అన్నాను మెల్లగా. "మీరు నా ప్యాచ్ టెస్ట్ చేసినప్పుడు ప్రోగ్రాముల్ని తాళంచెవితో లేపారా?"

గునపం పసుపు క్లిప్పుని తెరుస్తున్నాడు, మూస్తున్నాడు.

"మీరే కదా పొద్దున్న నుంచీ మధ్యాహ్నం దాకా దాని మీద కూర్చుంది?"

"చేత్తో ఒక్కొక్కటీ లేపాను. ఎవరి కిటికీ వాళ్ళే తెరుచుకున్నారు."

"చేత్తోనా?"

"తాళంచెవితో అయితే యంత్రం మొత్తం ఆపి మళ్ళీ లేపాలి, ప్రతి టెస్టుకీ ఆరు నిమిషాలు. చేత్తో అయితే రెండు సెకన్లు. నలభై టెస్టులు. లెక్క వేసుకో."

"ఎప్పుడూ తాళంచెవితోనే చేస్తావు కదా నువ్వు!"

"ఆ రోజు సినిమాకి టికెట్లు తీసుకున్నాం," అన్నాడు గునపం. "మూల సీట్లు."

అత్తయ్య టీ కప్పులోకి చాలా శ్రద్ధగా చూశారు.

ఆ రోజు నాకు గుర్తుంది. మధ్యాహ్నం మూడున్నరకి అతని దగ్గర్నుంచి "అన్నీ పచ్చ!" అని, అంటే టెస్టులన్నీ నెగ్గాయని, సందేశం వచ్చింది, పక్కన ఒక గుండె బొమ్మ. తాళంచెవితో చేశావా అని నేను అడగాలి. అడగడం నా పని. నేను తిరిగి రెండు గుండెలు పంపాను.

"ఒరేయ్!" అన్నాను.

"నాకు తెలుసు," అన్నాడు. "పద, చూద్దాం."

బల్ల మీద కప్పులు పక్కకి జరిపాం. అతని పాత ల్యాప్‌టాప్‌లో నా ప్యాచ్ ఉన్న కెర్నెల్ ఉంది, నా దానిలోంచి పిలుపులు పంపాలి. రెంటికీ మధ్య నీలం తీగ. తాళంచెవితో మొదలుపెట్టాడు. ఆరు నిమిషాలు. నా జీవితంలో ఏ పరీక్ష ఫలితం కోసమూ అంత నిలబడలేదు. అత్తయ్య పొంగిన పాలు తుడిచి వచ్చి మా వెనక కుర్చీ వేసుకున్నారు.

"లేచింది," అన్నాడు. "కొట్టు."

బోర్డు ప్రోగ్రామ్‌కి ఒక పిలుపు పంపాను. పుట్టిన పిల్ల మెడలో ఏ చీటీ ఉందో తెర మీద పడింది.

తాళంచెవి.

ఇంకోటి పంపాను. తాళంచెవి. పది పంపాను. పదికి పది. నిలువుగా ఒకదానికింద ఒకటి, బడిలో శిక్ష వేస్తే రాసినట్టు.

"పట్టేశాం!" అని అరిచాడు గునపం.

నేనూ అరిచాను. అదేం విచిత్రమో గానీ, మా కొంప మేమే ముంచుకున్నామని తేలిన ఆ క్షణంలో మేమిద్దరం చేతులు పట్టుకుని గెంతాం. ఎక్కడో దాక్కున్న దొంగ మన మంచం కిందే దొరికితే భయమూ వేస్తుంది, దొరికాడన్న సంబరమూ వేస్తుంది. కిందివాళ్ళు మళ్ళీ కర్రతో పొడిచారు. అప్పుడు ఆగాం. ఆగాక ఇద్దరికీ ఒకేసారి సోమవారం గుర్తొచ్చింది.

గునపం కూర్చున్నాడు. తెర వంకే చూస్తూ అన్నాడు. "ఒక మాట చెప్పనా? ఆసుపత్రివాళ్ళు రేపు పదింటికి ఎక్కిస్తారు. మనం ఇవాళే కూర్చుని ఇంకో చిన్న ప్యాచ్ రాసేద్దాం. అప్పగించేటప్పుడు చీటీ మార్చే లైను. మంగళవారం పంపిద్దాం. మెరుగుపరిచాం అందాం. ఒక్క రోజే కదా. ఎవరికి తెలుస్తుంది?"

"ఆ ఒక్క రోజు?"

అతను నీలం తీగ పీకి చుట్టడం మొదలుపెట్టాడు.

"నీ ఫైలు నీకు రావడానికి రెండేళ్ళు పట్టింది," అన్నాడు చివరికి. "పొద్దున వచ్చింది. పన్నెండు కాకముందే పోతుంది. ఆయన సంగతి తెలుసు కదా. ఒకసారి తప్పు ప్యాచ్ పంపినవాళ్ళవి ఆయన మళ్ళీ చదవడు."

తెలుసు. అద్దం మూలనున్న ఆ కాగితం కళ్ళ ముందు ఆడింది. రెండు పేర్లు. దాన్ని వెనక్కి తీసుకోమని రాస్తే, ఆ పేర్ల కింద "రద్దు" అని పడుతుంది. అదీ శాశ్వతంగా, ప్రపంచమంతా చూసేలా. మా కెర్నెల్‌లో ఏదీ చెరిగిపోదు.

తాళాల గుత్తి గలగలమంది. అత్తయ్య కుర్చీ దగ్గరికి జరిపారు.

"పెళ్ళయిన ఇరవయ్యో రోజు మళ్ళీ డ్యూటీలో చేరాను నేను," అన్నారు. "మీ మావయ్య ఎక్స్‌ఛేంజ్ గేటు దాకా సైకిల్ మీద దింపారు. దిగుతుంటే ఏదో అన్నారు. ఏమన్నారో మీకెందుకు? నేను నవ్వుకుంటూ వెళ్ళి కూర్చున్నాను. బిళ్ళ మార్చడం మర్చిపోయాను."

గునపం తల తిప్పి చూశాడు. వాళ్ళమ్మ ఈ కథ అతనికెప్పుడూ చెప్పలేదని ఆ చూపులోనే తెలిసింది.

"పెద్దక్క నంబరు మీద ఉన్న కాల్‌ని ఎవరూ మధ్యలో కొయ్యకూడదు. అగ్నిమాపకం, ఆసుపత్రి, అలాంటివాటికే వాడేది ఆవిడ. ఆ పొద్దుట నా బోర్డు మీద ఇద్దరు లారీల వ్యాపారులు గంటన్నర కబుర్లు చెప్పుకున్నారు. కొయ్యడానికి లేదు. ఆ గంటన్నరా ఇంకో ఊళ్ళో ఒకావిడ పురిటినొప్పులు పడుతున్న కూతురి కోసం డాక్టరు లైను అడుగుతూనే ఉంది."

"దొరికిందా అత్తయ్యా?"

"దొరికింది, ఆలస్యంగా. తల్లీబిడ్డా బాగానే ఉన్నారని సాయంత్రానికి తెలిసింది. తెలిసేదాకా పచ్చి మంచినీళ్ళు దిగలేదు నాకు. మధ్యాహ్నమే చూసుకున్నాను బిళ్ళ సంగతి. చప్పుడు చెయ్యకుండా మార్చేశాను. విచారణ పెట్టారు. పెద్దక్క నా వంక ఒక్కసారి చూసి, 'నా బిళ్ళ, నా పొరపాటు' అని రాసిచ్చింది. ఆవిడకి రావాల్సిన పెద్ద పోస్టు ఆ ఏడు రాలేదు."

"మీరు చెప్పలేదా?"

"రేపు చెబుదాం అనుకున్నాను. ఒక్క రోజే కదా అనుకున్నాను." ఆవిడ కొడుకు వంక చూడకుండానే అన్నారు. "ఆవిడ రిటైరైన రోజు పూలగుత్తి నేనే ఇచ్చాను. అప్పుడూ నోరు రాలేదు. నీకింకా రేపు పదింటిదాకా టైముంది పిల్లా."

గునపం లేచాడు. ల్యాప్‌టాప్ నా ముందుకి తిప్పి పెట్టి, తెల్ల మెయిల్ పేజీ తెరిచాడు. "నా పేరు కూడా రాయి," అన్నాడు. "చేత్తో లేపింది నేనని."

నేను మొదట రాసిన మెయిల్‌లో పదహారు వాక్యాలున్నాయి, ఐదు క్షమించండీలు ఉన్నాయి. గునపం ఐదూ కొట్టేశాడు. నేను సినిమా సంగతి కొట్టేశాను. చివరికి గడపాయన లాగే మూడు మిగిలాయి.

"రేపటి విడుదల నుంచి నా ప్యాచ్ ఆపండి. తాళంచెవి తెరిచిన సాకెట్లకి పుట్టే పిల్లలన్నిటికీ దాని చీటీయే వస్తోంది, పదికి పది. అప్పగించేటప్పుడు చీటీ మార్చే లైను ఎక్కడా లేదు, టెస్టులు చేత్తో లేపి చేయడం వల్ల మా ఇద్దరికీ కనబడలేదు."

పంపేశాను. పదకొండు రోజులైనా పట్టవచ్చని, ఈలోగా ఆసుపత్రి వాళ్ళకి నేరుగా ఫోన్ చెయ్యాలేమోనని లెక్క వేసుకుంటున్నాను. నాలుగు నిమిషాలకి ఫ్రిజ్ మీద ఫోన్ వణికింది. మెయిల్ కాదు. మనిషే. గడపాయన ఎవరికీ ఫోన్ చెయ్యరు. ఆయనకి గొంతుందని ఆఫీసులో సగం మందికి తెలియదు.

స్పీకర్ ఆన్ చేశాను. అవతల ఎక్కడో మొక్కలకి నీళ్ళు పోస్తున్న చప్పుడు.

"విడుదల ఆపించాను," అన్నారు ఆయన, పలకరింపు లేకుండా.

అక్కడే నేలమీద కూర్చున్నాను. "థాంక్సండీ."

"సగమే ఆపాను. రేపు పదికి ఏదో ఒకటి వెళ్ళాలి. పాత తప్పు కూడా అక్కడ ఉండకూడదు. తాళంచెవి ఎవరు రాశారో తెలుసా?"

"లేదండీ. ఆ ఫైలు మీద పేరు లేదు."

"పేరు నేనే తీసేశాను. రాసింది నేను." ఆయన ఇంకో మొక్క దగ్గరికి జరిగినట్టున్నారు. "నువ్వు లేదన్న లైను మొదట ఉండేది. అప్పగించేటప్పుడు చీటీ మార్చేది. తొమ్మిదేళ్ళ కింద, యంత్రాలు ఆలస్యంగా లేస్తున్నాయని అందరూ గోల పెడితే తీసేశాను. ఎవరూ తల్లిని చూడట్లేదు కదా, దండగ అనుకున్నాను. నీ ప్యాచ్ తప్పు కాదమ్మాయ్. అది నా తప్పుని బయటికి లాగింది."

గునపం గాలిలోకి రెండు పిడికిళ్ళూ ఎత్తాడు, చప్పుడు లేకుండా. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"కానీ ఆ లైను సంగతి నీకెలా తట్టింది? తొమ్మిదేళ్ళలో ఎవరూ అడగలేదు."

"నాకు తట్టలేదండీ. మా అత్తయ్య అడిగారు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో చేసేవారు. పొద్దున తాళాలు తీసినావిడ బిళ్ళ తీసి, ఎవరి బిళ్ళ వాళ్ళు పెట్టుకోవాలట."

నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

"ఇత్తడి బిళ్ళలా?" అన్నారు గడపాయన. "గుండ్రంగా, పైన చిల్లు?"

"అవునండీ. మీకెలా…"

"మా అమ్మ దగ్గర ఉండేవి. ఆరింటికి వెళ్ళి ఎక్స్‌ఛేంజ్ తాళాలు తీసేది. ఆ ప్రోగ్రామ్‌కి ఆ పేరు అందుకే పెట్టాను." మళ్ళీ నీళ్ళ చప్పుడు మొదలైంది. "ఒకటి పోయింది వాటిలో. చాలా రోజులు వెతికింది పాపం. సరే. రేపు ఏడింటికి ల్యాబ్‌కి రండి ఇద్దరూ. ఆ లైను తిరిగి పెడదాం, నలభై టెస్టులూ తాళంచెవితోనే చేద్దాం. నలభై ఆర్లు రెండు వందల నలభై నిమిషాలు, మనకున్నది మూడు గంటలు. కాబట్టి రెండో యంత్రం మీ ఆయన్ని తెమ్మను. ఇంకో మాట. మీ అత్తగారికి వీలైతే ఆవిడ్ని కూడా తీసుకురామ్మా."

ఫోన్ పెట్టేశారు. "అమ్మా" అన్నారు! గడపాయన!

నేను గెంతబోయి వెనక్కి తిరిగాను. అత్తయ్య నిలబడి ఉన్నారు. తాళాల గుత్తి చప్పుడు చెయ్యట్లేదు, ఆవిడ దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకున్నారు.

"ఆయన ఇంటిపేరేంటి?" అని అడిగారు.

చెప్పాను.

ఆవిడ మెల్లగా బల్ల దగ్గరికి వచ్చి, గుత్తిలోంచి ఒక్కొక్క తాళంచెవీ తీసి బల్ల మీద పెట్టారు. ఇంటిది, బీరువాది, గేటుది. చివరికి ఇత్తడి బిళ్ళ ఒక్కటే మిగిలింది. కిటికీ వెలుగులోకి తిప్పారు. అరిగిపోయిన ఇత్తడి మీద ఒక అంకె జాడ కనబడీ కనబడకుండా ఉంది. ఒకటి.

"ఏడింటికి కాదురా," అన్నారు కొడుకుతో. "ఆరున్నరకే వెళదాం. మీ యంత్రాలు లేవకముందే ఇది ఆయన చేతిలో పెట్టి, నేనొక మాట చెప్పాలి."